తువ్వాళ్లు ఆరబెట్టే హీటర్ స్టాండు: బిగించే ముందు ఎర్త్ చూసుకోండి

ముసురు పట్టిందంటే తువ్వాలు ఆరదు, వాసన వస్తుంది. బెంగళూరు వానాకాలంలోనూ, కోరాపుట్, ఊటీ చలికాలంలోనూ కాపురముంటున్న మన ఇళ్లలో ఇది తెలిసిన బాధే. అందుకే బాత్‌రూమ్ గోడకు బిగించే ఎలక్ట్రిక్ తువ్వాళ్ల స్టాండు గురించి ఇప్పుడు చాలామంది ఆలోచిస్తున్నారు. షోలాపూర్ లాంటి పొడి ఊళ్లలో దీని అవసరం తక్కువ. దండెం, ఎండ చాలు.

ఈ స్టాండ్లు రెండు రకాలు. ఒకటి వేడినీటి గొట్టాలతో పనిచేసేది. ఇల్లంతా వెచ్చబెట్టే బాయిలర్ ఉన్న చలిదేశాలకు అది సరిపోతుంది. మన ఇళ్లకు కరెంటుతో నడిచేదే తగినది. ఖర్చుకు భయపడనక్కర్లేదు. 2000 వాట్ల గీజర్ పక్కన ఇది చిన్న వస్తువు. 100 వాట్ల స్టాండును రోజుకు 2 గంటలు వాడితే నెలకు 6 యూనిట్లు కాలుతుంది.

ఆలోచించాల్సింది బిల్లు గురించి కాదు, షాక్ గురించి. తడి ఒంటితో, చెప్పులు లేని కాళ్లతో ఇనుప గొట్టాన్ని ముట్టుకుంటాం. లోపల వైరు దెబ్బతిని ఆ గొట్టానికి కరెంటు తగిలితే, దాన్ని నేలకు పంపించేది ఎర్త్ వైరే. తాతల నాటి ఇళ్లలో చాలాచోట్ల రెండు వైర్లే ఉంటాయి. సాకెట్‌కు మూడు రంధ్రాలు కనిపించినా వెనక ఎర్త్ ఉందని నమ్మకం లేదు.

మా పాత ఇంట్లో ఇదే జరిగింది. బిగించడానికి వచ్చిన మనిషి, "ఎర్త్ లేకపోతే ఏముంది, న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేస్తా" అన్నాడు. మేము వద్దన్నాం. అలా కలిపాక న్యూట్రల్ ఎక్కడైనా తెగితే స్టాండు మొత్తానికి కరెంటు పాకుతుంది. పది రోజులు ఆలస్యమైనా ఎర్త్ గుంత తీయించి, బాత్‌రూమ్ దాకా మూడో వైరు లాగించాకే బిగించుకున్నాం.

ఎలక్ట్రీషియన్‌తో కన్నడంలో మాట్లాడినా, తమిళంలో మాట్లాడినా, ఒడియాలో మాట్లాడినా ఎర్త్, ఆర్‌సీసీబీ అన్న మాటలు మారవు. లైసెన్సు ఉన్నవాణ్ణే పిలిచి ఈ నాలుగూ అడగండి.

1. ఎర్త్ ఉందా? మీటరు పెట్టి చూపించమనండి.

2. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా? ఎంసీబీ కాపాడేది వైర్లను. కరెంటు మనిషి గుండా నేలకు పోతుంటే రెప్పపాటులో ఆపేది ఆర్‌సీసీబీ. దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి, పడిపోతోందో లేదో చూడండి.

3. స్విచ్ ఎక్కడ? బాత్‌రూమ్ బయటే ఉండాలి.

4. చోటు ఎక్కడ? షవరుకు, బకెట్ పెట్టే చోటుకు కనీసం 60 సెంటీమీటర్లు ఎడం కావాలి. మనం చెంబుతో పోసుకుంటాం, నీళ్లు ఇంకా దూరం చిమ్ముతాయి. తలుపు పక్క గోడైతే మేలు. పెట్టె మీద ఐపీఎక్స్4 లేదా అంతకంటే ఎక్కువ గుర్తు ఉన్నదే కొనండి.

రంధ్రాలు వేసేటప్పుడు కుళాయికి నేరుగా పైన, కింద, పక్కన డ్రిల్ పెట్టనివ్వకండి. గోడలో పైపులు ఎక్కువగా ఆ వరుసలోనే పోతాయి. టైలు మీద టేపు అంటించి, సుత్తి మోడ్ ఆపి, నెమ్మదిగా తొలిస్తే పగలదు.

వాడేటప్పుడు తువ్వాలును బాగా పిండి, ఒక్క వరుసగానే వేయండి. పిల్లల చేతికి అందనివ్వకండి. పని కాగానే స్విచ్ ఆపండి.

ఎర్త్ లేదని తేలితే స్టాండు కొనడం వాయిదా వేసి, ఆ డబ్బు ముందు ఎర్త్‌కు, ఆర్‌సీసీబీకి పెట్టండి. ఎందుకంటే అదే బాత్‌రూమ్‌లో ఇప్పటికే గీజర్ ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ దాని కిందే స్నానం చేస్తున్నారు.