బరికి దూరమైన ఆటగాని మనస్సు

చేయి విరిగిన ఆటగాని యింటికి పలుకరింప వచ్చినవారందరును చేతిని గురించియే యడుగుదురు. కట్టు ఎప్పుడు విప్పుదురు, ఎముక అతికినదా, మరల ఆడవచ్చునా అని ప్రశ్నింతురు. రాత్రి నిద్ర పట్టుచున్నదా అని అడుగువారు అరుదు. దేహమునకు తగిలిన దెబ్బ కంటికి కనిపించును. దాని వెంట మనస్సునకు కలుగు క్షోభ కనిపించదు. ఈ రెండవదానిని గూర్చియు, దానినుండి తేరుకొని మరల బరిలోనికి దిగిన ఆటగాండ్రను గూర్చియు నేడు ముచ్చటింపదలచినాము.

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల వారికి ఇది దూరపు విషయము కాదు. ఈ రెండు పట్టణములలోను ప్రభుత్వ ప్రాంతీయ క్రీడాపాఠశాలలు కలవు. చిన్న యీడు పిల్లలు ఇల్లు విడిచి వచ్చి, వసతిగృహములలో నుండి, చదువుతోపాటు ఆట నేర్చుచున్నారు. పిల్లవానిని అచట చేర్చునప్పుడు తల్లిదండ్రులు పతకమును ఊహింతురు, దెబ్బను ఊహింపరు. ఊహింపవలెనని వారికి చెప్పువారును తక్కువ.

ముందుగా మన దేశమున అంతగా ప్రచారములో లేని యొక ఆటను పరిచయము చేయవలసియున్నది. రగ్బీ లీగు అనునది జట్టుకు 13 మంది చొప్పున 80 నిమిషములు ఆడు ఆట. కోడిగ్రుడ్డు ఆకారము గల బంతిని చేతబట్టి పరుగెత్తి ప్రత్యర్థుల గీత ఆవల నేలకు తాకింపవలెను. చేతితో బంతిని ముందునకు విసరరాదు. ప్రక్కకో వెనుకకో మాత్రమే అందింపవలెను. బంతి పట్టినవానిని ఎదుటివారు, కబడ్డీలో కూతకు వచ్చినవానిని పట్టినట్లే, పట్టి పడవేయుదురు. పడినవాడు లేచి బంతిని కాలితో వెనుకనున్న తనవానికి దొర్లించును. ఇట్లు ఆరుమార్లు పట్టుబడినచో బంతి ఎదుటి జట్టు పాలగును. శిరస్త్రాణములు, కవచములు పెద్దగా ఉండవు. ఒక్కొక్క ఆటలో ఒక్కొక్కడు పదులకొలది మార్లు ఢీకొనును.

ఈ ఆట పుట్టుకకథ మన సింగరేణి సీమవారికి వెంటనే అర్థమగును. ఉత్తర ఇంగ్లాండులోని బొగ్గుగనుల కార్మికులు, మిల్లు కార్మికులు శనివారములందు రగ్బీ ఆడెడివారు. ఆటకు పోయిన పూట కూలి పోయెడిది. ఆ కూలి నష్టమును చెల్లింపుడని ఉత్తరపు క్లబ్బులు కోరగా, ఆటకు డబ్బు పుచ్చుకొనుట మర్యాద కాదని దక్షిణపు పెద్దమనుషులు నిరాకరించిరి. 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డు పట్టణమున ఒక హోటలులో ఇరువదికి పైగా క్లబ్బులు సమావేశమై వేరుపడినవి. గోదావరిఖని, బెల్లంపల్లి గనుల జీవితమును, సిరిసిల్ల మగ్గముల జీవితమును ఎరిగినవారికి పోయిన పూటకూలి యనగా నేమో మేము వివరింప నక్కరలేదు. మొదటినుండియు ఆ యాటలో దేహమే జీవనాధారము. దేహము పడకవేసిననాడు కూలితోపాటు తాను ఎవ్వడో అను గుర్తింపుకూడ పోవును.

ఈ యాటలో ఆస్ట్రేలియా దేశపు డేరియస్ బోయ్‌డ్ కథ చెప్పదగినది. తండ్రిని ఎరుగని బాల్యము, తల్లి మానసికమైన అస్వస్థత, అమ్మమ్మ పెంపకము - ఇవి అతని తొలినాళ్లు. 2006లో బ్రిస్బేన్ జట్టుతోను, 2010లో మరియొక జట్టుతోను దేశపు విజేతగా నిలిచెను. 2010 తుదిపోటీలో ఉత్తమ ఆటగాడతడే. అయినను పత్రికలవారితో ముక్తసరిగా మాటలాడువాడని, ముభావియని పేరు పడెను. ముభావము పొగరనియే లోకము తలచును. అది నొప్పి కావచ్చునని తలచువారు కొందరే. 2014 ఆగస్టులో, పోటీల కాలము ముగియకమునుపే, న్యూకాసిల్ జట్టును ఆపి అతడు మానసిక చికిత్సాలయమున చేరెను. మరుసటి యేడు పాత జట్టునకు తిరిగివచ్చెను. పోటీలు మొదలుకాకమునుపే మడమపైనుండు పెద్ద స్నాయువు తెగెను. రెండవమారు మొదటినుండి కట్టుకొని వచ్చి, ఆ యేడాదియే తుదిపోటీ ఆడెను. బ్రిస్బేన్ ఆ పోటీలో ఒక్క పాయింటు తేడాతో ఓడెను. 2017లో అతడు ఆ జట్టునకు నాయకుడయ్యెను, 2020లో విరమించెను. తన కుంగుబాటును గూర్చి పలుచోట్ల బహిరంగముగా మాటలాడెను. అతడు గెలిచిన కప్పులకంటె, ఆట నడుమ ఆగి చికిత్స కోరుటయే మాకు పెద్ద పనిగా తోచుచున్నది.

ఓడినవారికే, గాయపడినవారికే ఇట్టి దుఃఖమని భ్రమపడరాదు. 2008 బీజింగ్ ఒలింపిక్సులో మన దేశమునకు తొలి వ్యక్తిగత స్వర్ణమును తెచ్చిన అభినవ్ బింద్రా, ఆ విజయము తరువాత తనకు కలిగిన శూన్యమును గూర్చి స్వయముగా చెప్పియున్నారు. ఏండ్ల తరబడి ఒక్క గురిమీదనే నిలిచిన మనస్సునకు ఆ గురి తీరినను దిక్కు తోచదు.

ఇక మన పొరుగుకు వత్తము. ఆదిలాబాదు సీమకు గోదావరి ఆవలి గట్టున నున్నది నిజామాబాదు. అచట 1996లో పుట్టిన నిఖత్ జరీన్ తండ్రి ప్రోత్సాహముతో మొదట పరుగుపందెములకు, పిదప బాక్సింగునకు వచ్చెను. 2011లో టర్కీలోని అంటాల్యాలో ప్రపంచ జూనియరు విజేత యయ్యెను. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు. 2017లో ఒక పోటీలో భుజము కీలు తప్పెను, శస్త్రచికిత్స జరిగెను. దాదాపు ఒక సంవత్సరము ఆమె బరికి దూరమయ్యెను. ఆ కాలములోనే 2018 కామన్వెల్తు క్రీడలు, ఆసియా క్రీడలు ఆమె లేకయే జరిగిపోయినవి. ఆమెకు మనోవ్యాధి వచ్చెనని మేము చెప్పుటలేదు. అట్టి మాట తేలికగా అంటగట్టరాదు. కాని ఆ యెడబాటు మనస్సునకు ఎంత కఠినమో ఆమెయే పలుమార్లు చెప్పియున్నది.

భుజపుకీలు నిర్మాణము నెరిగినచో ఆ భయము వ్యర్థము కాదని తెలియును. పైచేతి ఎముక తలకాయ గుండ్రని బంతివంటిది. అది కూర్చుండు గుంట లోతు తక్కువ. అందుచేతనే చేయి అన్ని దిక్కులకు తిరుగును; అందుచేతనే సులభముగా జారును. గుంట అంచునున్న మెత్తని వలయము ఒకమారు చిరిగినచో మరల జారు ప్రమాదము మిగులును. శస్త్రచికిత్స పిమ్మట కొన్ని వారములు చేయి జోలెలో నుంచవలెను. ఢీకొను ఆటలకు తిరిగివచ్చుటకు సాధారణముగా అర్ధసంవత్సరమో, అంతకు పైననో పట్టును. వైద్యుడు సరేయన్న నాటికి కీలు సిద్ధమై యుండును. ఎదుటివాని పిడికిలి వచ్చునప్పుడు చేయి తనంతట తాను వెనుకకు పోవుట మాత్రము ఆగదు. దేహమునకు గుర్తున్నది. ఈ వెనుకంజను పిరికితనమని తిట్టు శిక్షకులున్నారు. దానివలన అది హెచ్చును గాని తగ్గదు.

దానిని పోగొట్టు మార్గము మెట్లమెట్లుగా పోవుట. మొదట ఒంటరిగా గాలిలో గుద్దులు, తరువాత సంచిమీద, తరువాత శిక్షకుని చేతిమెత్తలమీద, తరువాత తెలిసిన జతగానితో మెల్లని పోరు, అటుపైన నిజమైన పోరు. ఒక మెట్టున భయము సద్దుమణిగినగాని రెండవ మెట్టు ఎక్కరాదు. కబడ్డీలోను ఇంతే: మోకాలు బాగైనవానిని మొదటి దినముననే నిండు పట్టులోనికి తోయకూడదు. శిబిరమునుండి పంపివేయక, ఆడలేకున్నను స్నేహితులనడుమ కూర్చుండనిచ్చుట కూడ చికిత్సలో భాగమే. గాయపడినవాడు ఇంట ఒంటరియై, తన చోట మరియొకడు ఆడుటను ఫోనులో చూచుకొనుచు గడుపు మాసములే మిక్కిలి కష్టమైనవి.

నిఖత్ తిరిగివచ్చినది 2018లో, బెల్‌గ్రేడు పోటీలో స్వర్ణముతో. 2019లో బల్గేరియాలో మరియొక స్వర్ణము. ఆ యేడే డిసెంబరులో ఒలింపిక్సు అర్హత పోటీలకు జరిగిన ఎంపికలో మేరీ కోమ్ చేతిలో ఓడెను. తనకును అవకాశము కావలెనని బహిరంగముగా అడిగినందున ఆమె పలువురి దూషణలకు గురియయ్యెను. గాయముకంటె ఆ దూషణలే నొప్పించి యుండునని మా ఊహ. 2022 మే 19న ఇస్తాంబులులో 52 కిలోల తరగతిలో థాయిలాండు యువతిని 5-0తో ఓడించి ప్రపంచ విజేత యయ్యెను. 2023లో కొత్తఢిల్లీలో 50 కిలోల తరగతిలో మరల నెగ్గెను. 2024 ప్యారిస్ ఒలింపిక్సులో, తరువాత స్వర్ణము గెలిచిన చైనా యువతి వూ యూ చేతిలో, రెండవ పోరులోనే వెనుదిరిగెను. అచటితో కథ ముగియలేదు. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్పు తుదిపోటీలలో 51 కిలోల స్వర్ణము ఆమెదే. పడుట, లేచుట అను రెండును ఒక్కమారు జరుగునవి కావని ఈ తేదీలు చూచినవారికి తెలియును.

గాయము తరువాత కొన్నిదినములు దిగులుపడుట సహజము. దానిని వ్యాధి యనరాదు. కాని రెండు వారములకు పైగా ప్రతిదినము మనస్సు కుంగియుండుట, ఇష్టమైన పనిపై మక్కువ పోవుట, నిద్రయో ఆకలియో చెడుట, నేను పనికిరానివాడ నను మాట మాటిమాటికి వచ్చుట కనిపించినచో వైద్యుని చూడవలెను. చావును గూర్చిన మాట వినిపించినచో రెండు వారములు చూడరాదు. ఆ దినమే చూడవలెను. దిష్టి తగిలినదని ఉప్పు మిరపకాయలు దిగదీయువారిని మేము ఎగతాళి చేయము. దిగదీసిన పిమ్మటనైనను ఆసుపత్రికి తీసికొనిపోవుడని మాత్రము కోరుచున్నాము. ఆదిలాబాదు రిమ్సులోను, ఇతర ప్రభుత్వ వైద్యకళాశాలల ఆసుపత్రులలోను మానసిక వైద్యవిభాగము లుండును.

మందు పుచ్చుకొన్నచో ఆటనుండి వెలివేయుదురను భయము పలువురికి కలదు. కుంగుబాటునకు సాధారణముగా వాడు మందులు ఉత్ప్రేరకముల నిషిద్ధ జాబితాలో లేవు. వేరు వ్యాధులకు వాడు కొన్ని మందులు ఉన్నవి గనుక, తాను ఆటగాడనని వైద్యునికి ముందే చెప్పి, మందు పేరును జాబితాతో సరిచూచుకొనుట మేలు. మందు పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. రెండు దినములకే మానివేయరాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము చికిత్స ప్రతివారి హక్కు, రోగి వివరములను గోప్యముగా ఉంచుట వైద్యుని విధి. భీమా సంస్థలు కూడ దేహవ్యాధితో సమానముగా మనోవ్యాధికి భీమా సదుపాయము కల్పింపవలెను.

ఇంటివారు చేయవలసినది పెద్దగా లేదు. ధైర్యము తెచ్చుకొమ్మని మాటిమాటికి చెప్పుట మానవలెను. అతడు తెచ్చుకోలేకనే కూర్చుండియున్నాడు. పక్కింటి పిల్లవానితో పోల్చుట మానవలెను. ఆటను గూర్చి కాక తిండిని గూర్చియో, చేలో పనిని గూర్చియో మాటలాడి, వాడు చెప్పదలచినప్పుడు వినవలెను. వైద్యుడు దూరమైన ఏజెన్సీ గ్రామములవారు, పగలు తీరికలేని కార్మికుల యిండ్లవారు, 2022 అక్టోబరు 10న ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఆ సంఖ్యకు రాత్రింబవళ్లు తెలుగులో మాటలాడవచ్చును, రుసుము లేదు.