తిరిగే చక్రం, నిలిచే వెలుగు

మా మస్తూరీకి దగ్గరలోని మల్హార్‌లో శివరాత్రికి పెద్ద జాతర జరుగుతుంది. చీకటి పడ్డాక దూరం నుంచి చూస్తే జెయింట్ వీల్ ఇనుము కనబడదు, దాని దీపాలే కనబడతాయి. అవి ఒకసారి ముందుకు పరుగెడతాయి, ఒకసారి వెనక్కి పరుగెడతాయి. పోయిన ఏడాది అక్కడ నిలబడి మేము నలుగురం మిత్రులం ఒక ప్రశ్న వేసుకున్నాం. ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో ఆ దీపాలకు ఎవరు చెబుతారు? జవాబు వెతుకుతూ వెతుకుతూ ఒక చిన్న సర్కసు చక్రం తయారుచేశాం. అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోయిందో, ఆగినప్పుడు మేము ఏం నేర్చుకున్నామో ఇక్కడ రాస్తున్నాం.

చక్రాలు, రైల్వేవాళ్ళు

సర్కసులో మనిషి లోపల నిలబడి దొర్లించే పెద్ద చక్రాన్ని మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు. రెండు వలయాలను కడ్డీలతో కలిపి చేసే అలాంటి చక్రానికి జర్మనీలో ఒట్టో ఫైక్ అనే ఆయన 1925లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన రైల్వేలో పనిచేసిన మనిషి. ఒకే వలయంతో చేసే ఆటను తర్వాత కెనడాకు చెందిన డానియల్ సీర్ ప్రచారంలోకి తెచ్చాడు. అందుకే దాన్ని సీర్ వీల్ అంటారు. ఇప్పుడు కొందరు కళాకారులు ఆ వలయం చుట్టూ ఎల్‌ఈడీ దీపాలు అమర్చుకుని చీకట్లో ఆడతారు.

జాతరలో మనం ఎక్కే జెయింట్ వీల్‌కు పేరు తెచ్చిన జార్జ్ ఫెర్రిస్ కూడా రైలుమార్గాల్లో, వంతెనల్లో పనిచేసిన ఇంజనీరే. 1893లో చికాగో ప్రదర్శనలో ఆయన నిలబెట్టిన చక్రం ఎత్తు 264 అడుగులు. ఇది విని మా సారు, "రైల్వే కాలనీ పిల్లలకు చక్రాల పిచ్చి ఊరికే రాలేదన్నమాట" అని నవ్వారు.

సర్కసు మన తెలుగువాళ్ళకూ కొత్త కాదు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారు సొంత సర్కసు కంపెనీ నడిపి, తన బలప్రదర్శనలతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. మాలో ఇద్దరి తాతగార్ల ఊళ్ళు ఆ వైపే.

ఏమేం వాడాం

సైకిలు దుకాణం భయ్యా ఒక పాత ముందు చక్రం ఇచ్చాడు. టైరు, ట్యూబు తీసేసి, టైరు కూర్చునే గాడిని టేపుతో కొలిస్తే చుట్టూ 1 మీటరు 94 సెంటీమీటర్లు వచ్చింది. మీటరుకు 30 దీపాలున్న ఎల్‌ఈడీ పట్టీ కొన్నాం. అంటే మా చక్రానికి 58 దీపాలు పట్టాయి. పట్టీని గాడిలో అంటించి, దాని మీద టైరు బదులు నిలువునా చీల్చిన తెల్లటి నీళ్ళ పైపు తొడిగాం. పైపు వల్ల వెలుగు చుక్కచుక్కగా కాకుండా మెత్తగా పరుచుకుంటుంది, పక్కనుంచి చూసినా కనబడుతుంది.

దీపాలకు ఆజ్ఞలిచ్చేది ఆర్డుయినో నానో అనే చిన్న బోర్డు. మన బొటనవేలికంటే కొంచెం పెద్దది, అంతే. కరెంటు ఇచ్చేది ఫోన్లకు వాడే 5 వోల్టుల పవర్ బ్యాంకు. బోర్డును, పవర్ బ్యాంకును బయట పెడితే చక్రం తిరిగేకొద్దీ తీగలు మెలిపడి తెగిపోతాయి. అందుకని రెండింటినీ చక్రం మధ్యలో ఇరుసుకు అటొకటి ఇటొకటి కట్టాం. పవర్ బ్యాంకు బరువు ఎక్కువ కాబట్టి బోర్డు వైపు రెండు పెద్ద నట్లు కూడా కట్టాం. అలా చేయకపోతే బరువైన వైపు కిందికి వచ్చి చక్రం అక్కడే ఆగిపోతుంది. వాటిని కనబడకుండా చేయడానికి అట్టతో కోసిన సర్కసు జోకరును ముందు అంటించాం.

ఒక మాట. ఇంటి గోడలోని 230 వోల్టుల కరెంటును ఈ పనిలో ఎక్కడా వాడలేదు. మీరూ వాడకండి. టంకం పెట్టేటప్పుడు సారు పక్కనే ఉన్నారు.

దీపానికి తన వంతు ఎలా తెలుస్తుంది?

పూర్వం మన ఊళ్ళలో పందిళ్ళకు కట్టే పరుగు దీపాలకు ఒక తిరిగే డ్రమ్ము ఉండేది. దాని మీది రాగి రేకులు తీగలను వరసగా తాకుతూ ఒక్కో గుత్తినీ వెలిగించేవి. ఎన్ని గుత్తులుంటే అన్ని తీగలు కావాలి. మా చక్రంలో 58 దీపాలున్నా ఆజ్ఞలు వెళ్ళేది ఒకే ఒక్క తీగలో. అదెలాగో రైల్వే భాషలో చెబుతాం.

బిలాస్‌పూర్ నుంచి ఒక గూడ్సు బండి బయలుదేరిందనుకోండి. గతౌరాలో ఇంజను పక్కనున్న మొదటి వ్యాగన్‌ను తీసుకుని, మిగతా బండిని ముందుకు పంపుతారు. జైరాంనగర్‌లో ఇప్పుడు మొదట ఉన్న వ్యాగన్‌ను తీసుకుని, మిగతాది పంపుతారు. కోట్మీ సోనార్‌లోనూ అంతే, అకల్తరాలోనూ అంతే. ఏ వ్యాగన్ మీదా ఊరి పేరు రాయనక్కరలేదు. "నా దగ్గరికి వచ్చిన మొదటిది నాది, మిగిలింది నా ముందువాళ్ళది" అన్న ఒక్క నియమం చాలు.

మేము వాడిన డబ్ల్యూఎస్ 2812బి రకం దీపాలు సరిగ్గా ఇలాగే చేస్తాయి. ఒక్కో దీపంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చిన్న ఎల్‌ఈడీలు, వాటితోపాటు ఒక బుల్లి చిప్పు ఉంటాయి. ఒక్కో "వ్యాగన్"లో 24 అంకెలుంటాయి, రంగుకు 8 చొప్పున. ప్రతి అంకె 0 గానీ 1 గానీ అవుతుంది. 8 అంకెలతో 0 నుంచి 255 వరకు 256 మెట్లు వస్తాయి. మూడు రంగులనూ కలిపితే 256ను మూడుసార్లు గుణించాలి. మొత్తం 1,67,77,216 రంగులు!

ఒక అంకె వెళ్ళడానికి పట్టే సమయం సెకనులో పదిలక్షల వంతులు ఒకటింపావు మాత్రమే. అంటే ఒక దీపానికి 30 మైక్రోసెకన్లు, 58 దీపాలకు 1,740 మైక్రోసెకన్లు. సెకనులో ఐదువందల వంతు కూడా పట్టదు. అందుకే దీపాలన్నీ ఒకేసారి మారినట్టు మన కంటికి తోస్తుంది. నిజానికి ఏ దీపమూ కదలదు. ఒకటి ఆరుతుంది, పక్కది వెలుగుతుంది. పరుగు మన కంటిలో ఉంది.

తోక ఎందుకు ఎర్రబడింది?

మొదటిసారి ప్రయోగశాలలో 5 వోల్టుల సప్లైతో అన్నిటినీ తెల్లగా వెలిగిస్తే మొదటి దీపాలు తెల్లగానే ఉన్నాయి, చివరివి మాత్రం ఎర్రటి పసుపుకు తిరిగాయి. ప్రోగ్రాంలో తప్పుందనుకుని రెండు రోజులు దాన్నే వెతికాం. చివరికి మల్టీమీటరుతో కొలిస్తే సంగతి తెలిసింది. పట్టీ మొదట 5 వోల్టులున్నవి, చివరికి వెళ్ళేసరికి 4కు కొంచెం పైన మాత్రమే మిగిలాయి. పట్టీలోని సన్నటి రాగి రేకు దారిలో కొంత వోల్టేజిని తినేస్తుంది. ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు. ఆకుపచ్చకు, నీలానికి సుమారు 3 కావాలి. కాబట్టి వోల్టేజి తగ్గగానే అవి ముందు నీరసపడతాయి, ఎరుపు మిగులుతుంది.

దీనికి మందు పట్టీ రెండో కొసకు కూడా కరెంటు ఇవ్వడం. మామూలుగా అయితే అంత దూరం మరో తీగ లాగాలి. కానీ మాది చక్రం కదా! మొదలూ చివరా పక్కపక్కనే ఉన్నాయి. రెండు చిన్న తీగ ముక్కలతో పని అయిపోయింది. ఆజ్ఞల తీగను మాత్రం చివరికి కలపలేదు.

80, 33: అర్థం కాని రెండు అంకెలు

మా నలుగురిలో ప్రోగ్రాం రాసినవాడు ఒకడే. డిసెంబరులో వాళ్ళ నాన్నగారికి నాగ్‌పూర్ బదిలీ అయింది. బదిలీ అంటే ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్ళకు మేము చెప్పనక్కరలేదు. వారంలో అట్టపెట్టెలు కట్టారు, టి.సి. తీసుకున్నారు, వెళ్ళిపోయారు. చక్రం మా దగ్గరే ఉంది, ప్రోగ్రాం కంప్యూటరులో ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాం.

జనవరిలో సైన్సు ప్రదర్శన. దానికి ముందురోజు ప్రోగ్రాం తెరిచి చూస్తే అందులో రెండు అంకెలు కనబడ్డాయి. వెలుగు దగ్గర 80, ఆలస్యం దగ్గర 33. ఎందుకు 80? ఎందుకు 33? పక్కన ఒక్క ముక్క కూడా రాసి లేదు. వెలుగు 255 వరకు పెట్టుకోవచ్చు కదా, హాలు పెద్దది కదా అని 80ని తీసేసి 255 పెట్టాం. అన్నిటినీ తెల్లగా వెలిగించాం. ఒక్క క్షణం హాలంతా పట్టపగలైంది. వెంటనే మొత్తం ఆరిపోయింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ ఆరింది. ఆ సాయంత్రం మిత్రుడికి ఫోను కలవలేదు. బోర్డు కాలిపోయిందనే భయంతో మాలో ఒకరికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

సారు వచ్చి, "లెక్క వేయండి" అన్నారు. ఒక దీపం పూర్తి తెలుపులో గరిష్ఠంగా 60 మిల్లీ ఆంపియర్లు తీసుకోవచ్చు. 58 దీపాలకు 3,480, అంటే దాదాపు మూడున్నర ఆంపియర్లు. పవర్ బ్యాంకు మీద రాసి ఉన్నది 2.1 ఆంపియర్లు. అంతకు మించి లాగితే తనను తాను కాపాడుకోవడానికి అది ఆగిపోతుంది. బోర్డు కాలలేదు, ఏమీ కాలేదు. ఇప్పుడు 80 పెట్టి చూడండి: 3,480ని 80తో గుణించి 255తో భాగిస్తే సుమారు 1,090. అంటే ఆంపియరు పైచిలుకు. పవర్ బ్యాంకు హాయిగా మోస్తుంది. మా మిత్రుడు ఆ లెక్క ముందే వేసుకున్నాడు. జవాబు మాత్రమే రాశాడు.

నిలిచే వెలుగు

33 సంగతి ఆ రాత్రే తేలింది. చక్రం ఒకవైపు తిరుగుతుంటే, వెలిగే చుక్కను అదే వేగంతో వెనక్కి నడిపిస్తే ఏమవుతుంది? రైలు ముందుకు పోతుంటే బోగీలో వెనక్కి అదే వేగంతో పరుగెత్తేవాడు ప్లాట్‌ఫారం మీదివాళ్ళకు నిలబడినట్టే కనబడతాడు కదా. అలాగే చక్రం తిరుగుతూనే ఉంటుంది, వెలుగు మాత్రం పైన ఒకేచోట నిలిచి ఉంటుంది!

చేత్తో తిప్పితే మా చక్రం 2 సెకన్లకు ఒక చుట్టు తిరిగేది. 2,000 మిల్లీసెకన్లను 58తో భాగిస్తే 34.5 వస్తుంది. అందులో ఆజ్ఞలు పంపడానికి పట్టే 1.7 తీసేస్తే మిగిలేది 33కు కొంచెం తక్కువ. ఇదీ 33 రహస్యం.

కానీ వేరేవాళ్ళు తిప్పితే వేగం మారేది, వెలుగు పక్కకు జారేది. ఇక్కడ మేము మా వంతు ఒకటి చేర్చాం. స్టాండుకు ఒక చిన్న అయస్కాంతం, చక్రానికి ఒక హాల్ సెన్సరు అమర్చాం. సెన్సరు అయస్కాంతం ముందు నుంచి పోయిన ప్రతిసారీ బోర్డుకు కబురు వెళుతుంది. రెండు కబుర్ల మధ్య పట్టిన సమయాన్ని బోర్డే 58తో భాగించుకుంటుంది. చక్రం నెమ్మదించినా వెలుగు దాదాపు అక్కడే ఉంటుంది. ప్రదర్శనలో చిన్న పిల్లలు మళ్ళీ మళ్ళీ తిప్పి చూసింది దీన్నే.

నోటుబుక్కు

ప్రదర్శన అయ్యాక మిత్రుడికి ఫోను కలిసింది. "రాయడం మరిచిపోయాన్రా. నా బుర్రలో ఉంది కదా అనుకున్నా" అన్నాడు. ఆ బుర్ర సామానుతోపాటు లారీ ఎక్కేసిందని మేము అంటే పకపకా నవ్వాడు. సెన్సరు సంగతి చెబితే మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వీడియో పంపండి" అన్నాడు.

ఆ వారమే ఒక నోటుబుక్కు పెట్టాం. ఏ రంగు తీగ ఎక్కడికి వెళుతుందో బొమ్మ గీశాం. పైపు మీద దీపాలకు 1 నుంచి 58 వరకు అంకెలు వేశాం. ప్రతి అంకె పక్కన అది ఎంతో కాదు, ఎందుకో రాశాం. "సగం దీపాలే వెలిగితే చివర వెలిగినదాన్నీ, మొదట వెలగనిదాన్నీ చూడండి. తప్పు ఆ రెండింటి మధ్యే ఉంటుంది" అని కూడా రాశాం. గూడ్సు బండి ఎక్కడ ఆగిందో అక్కడే కదా పట్టాలు చూడాలి!

వచ్చే ఏడాదికి మాలో ఎవరు మస్తూరీలో ఉంటామో, ఎవరు ఏ ఊళ్ళో ఉంటామో మాకు తెలియదు. అందుకే చక్రాన్నీ, నోటుబుక్కునూ ఎనిమిదో తరగతి వాళ్ళకు అప్పగించాం. వాళ్ళు మొదటి రోజే ఒక ప్రశ్న అడిగారు: "ఒక్క వెలుగే ఎందుకు? రెండు నిలబెట్టలేమా?" నోటుబుక్కులో తర్వాతి పేజీ ఖాళీగా ఉంది. రాసుకోమన్నాం.