పనివాడి పేరు నిలిచిన గుడి

గుళ్లను దేవుడి పేరుతోనో, ఊరి పేరుతోనో పిలవడం మామూలే. ములుగు జిల్లా పాలంపేటలో కొలువైన స్వామి రామలింగేశ్వరుడు. గుడిని మాత్రం జనమంతా రామప్ప గుడి అంటారు. రామప్ప దీన్ని చెక్కిన శిల్పి అని పెద్దలు చెప్పే మాట.

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీన్ని కట్టించాడు. ఇసుక నింపిన పునాది, ఎర్రరాతి గోడలు, నిగనిగలాడే నల్లరాతి మదనికలు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక! 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

కట్టించినవారి పేరు శాసనంలో ఉంది, పనివాడి పేరు జనం నోట నిలిచింది. ఇక్కడ గల్ఫ్‌లో మనవాళ్లు లేపిన మేడల మీద వాళ్ల పేర్లు కనిపించవు. టైంషీట్లు రాసే మాకు ఆ పేర్లు తెలుసు. ఈసారి సెలవుకు వెళితే పిల్లలకు రామప్ప గుడి చూపించండి. ఆ పేరు ఎవరిదో కూడా చెప్పండి.