తిరుగు ప్రయాణంతో మొదలయ్యే లెక్క

అండమాన్ సముద్రంలోకి దిగి, పగడపు దిబ్బల మధ్య చేపల వెంట ఈదాలని మీ ఇంట్లో అందరూ నిశ్చయించుకున్నారనుకోండి. ప్రయాణం ఎలా ఏర్పాటు చేసుకుంటారు? బయలుదేరే రోజు, చేరే వేళ, బస... ఇలా మొదటి రోజు నుంచి రాసుకుంటూ పోతారు గదా! మామూలు యాత్రకైతే అది సరే. నీటి అడుగుకు వెళ్ళే యాత్రకు మాత్రం లెక్క చివరి రోజు నుంచి వెనక్కి రాసుకోవాలి. ఎందుకో తెలుసుకోవాలంటే వాయువులను గురించిన రెండు నియమాలు తెలిస్తే చాలు.

ఎక్కడికి? ఎప్పుడు?

మనం వెళ్ళబోయే దీవి పేరు స్వరాజ్ ద్వీప్. 2018 వరకు దీన్ని హేవ్‌లాక్ దీవి అనేవారు. ముందుగా పోర్ట్ బ్లెయిర్ చేరుకోవాలి. 2024లో ఆ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. చెన్నై నుంచి విమానంలో సుమారు రెండు గంటల ప్రయాణం. ఓడలో అయితే మూడు రోజుల దాకా పడుతుంది. ఆ పట్టణంలో తెలుగు మాటలు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. అక్కడి నుంచి దీవికి మళ్ళీ పడవ ఎక్కాలి. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు నీరు తేటగా ఉంటుంది. మన సంక్రాంతి సెలవులు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి!

మొదటి నియమం: బాయిల్ చెప్పినది

మనందరి మీద గాలి ఒక వాతావరణ పీడనాన్ని కలుగజేస్తూ ఉంటుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ మరొక వాతావరణ పీడనం తోడవుతుంది. 10 మీటర్ల వద్ద మొత్తం 2, 20 మీటర్ల వద్ద 3, 30 మీటర్ల వద్ద 4. ఉష్ణోగ్రత మారకుండా ఉంటే, పీడనం రెట్టింపైనప్పుడు వాయువు ఘనపరిమాణం సగమవుతుందని 1662లో రాబర్ట్ బాయిల్ తెలియజేశాడు.

చేసి చూడండి. సూది లేని సిరంజి తీసుకొని, ముషలకాన్ని 10 మిల్లీలీటర్ల గీత దాకా లాగండి. కొనను వేలితో గట్టిగా మూసి, 5వ గీత దాకా నొక్కండి. ఎంత బలం కావలసి వచ్చిందో గమనించారా? ఇప్పుడు సిరంజిలోని గాలి 10 మీటర్ల లోతున ఉన్నట్టే!

అంత పీడనం ఛాతీని నొక్కుతూ ఉంటే మామూలు గొట్టంతో పైగాలి పీల్చడం సాధ్యం కాదు. 1943లో ఫ్రాన్సులో జాక్ ఈవ్ కుస్టో, ఎమిల్ గాన్యాన్ అనేవారు కలిసి రూపొందించిన పరికరం ఈ చిక్కు తీర్చింది. ఈతగాడు ఎంత లోతున ఉంటే అంత పీడనంతో, పీల్చినప్పుడు మాత్రమే, అది సిలిండరు నుంచి గాలిని అందిస్తుంది.

ఇప్పుడొక లెక్క. 12 లీటర్ల సిలిండరులో 200 రెట్ల పీడనంతో గాలి నింపితే, అది బయట సుమారు 2400 లీటర్లకు సమానం. నాలుగో వంతు, అంటే 600 లీటర్లు, ఆపదకు దాచిపెట్టాలి. మిగిలింది 1800 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి నేలమీద ఇది 90 నిమిషాలు వస్తుంది. 10 మీటర్ల లోతున ప్రతి శ్వాసలోనూ రెండింతల గాలి పోతుంది కనుక 45 నిమిషాలే. 20 మీటర్ల వద్ద 30 నిమిషాలే. 30 మీటర్ల వద్ద ఎంతో మీరే చెప్పండి.

ఈ నియమంలోనే పెద్ద ప్రమాదమూ దాగి ఉంది. 10 మీటర్ల లోతున ఊపిరితిత్తుల నిండా 5 లీటర్ల గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే అది 10 లీటర్లు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు చిట్లిపోతాయి. ఒకటి రెండు మీటర్ల లోతు నుంచి వచ్చినా ఈ ప్రమాదం జరగవచ్చు. అందుకే స్కూబాలో మొదటి పాఠం ఇది: ఏ క్షణంలోనూ ఊపిరి బిగబట్టరాదు.

రెండవ నియమం: హెన్రీ చెప్పినది

పీడనం పెరిగేకొద్దీ ద్రవంలో కరిగే వాయువు పరిమాణం కూడా పెరుగుతుందని 1803లో విలియం హెన్రీ తెలియజేశాడు. గోళీసోడాలో గోళీని నొక్కగానే ఏమవుతుంది? పీడనం ఒక్కసారిగా తగ్గి, కరిగి ఉన్న వాయువు బుస్సుమని బుడగలుగా బయటపడుతుంది.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని. లోతున ఉన్నంతసేపూ అది రక్తంలోనూ కండరాలలోనూ కొవ్వులోనూ కరుగుతూనే ఉంటుంది. నెమ్మదిగా పైకి వస్తే అది ఊపిరితిత్తుల ద్వారా బయటకు పోతుంది. తొందరపడితే శరీరమే సోడాబుడ్డి అవుతుంది! బుడగలు కీళ్ళలో తీవ్రమైన నొప్పి పుట్టిస్తాయి. వెన్నుపాములో చేరితే పక్షవాతం రావచ్చు.

అమెరికాలో బ్రూక్లిన్ వంతెన పునాదుల కోసం నదీగర్భాన అధిక పీడనపు గదులలో పనిచేసిన కార్మికులు ఈ జబ్బుతో బాధపడ్డారు. 1872లో ఆ వంతెన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా దీనివల్లనే మంచం పట్టాడు. దీనికి కారణం నత్రజని బుడగలేనని 1878లో పాల్ బెర్ట్ చూపించాడు. జాన్ స్కాట్ హాల్డేన్, ఆయన సహచరులు మేకలపై ప్రయోగాలు చేసి, ఎంత లోతు నుంచి ఎలా ఆగుతూ పైకి రావాలో చెప్పే పట్టికలను 1908లో ప్రకటించారు. నేటి ఈతగాళ్ళ మణికట్టు మీది చిన్న కంప్యూటర్లు చేసే లెక్కలకు మూలం అదే. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావడం, 5 మీటర్ల లోతున 3 నిమిషాలు ఆగడం ఇప్పుడు వాడుకలో ఉన్న జాగ్రత్తలు.

వెనక నుంచి ముందుకు

నీటి పైకి వచ్చినంత మాత్రాన అంతా అయిపోలేదు. కొంత నత్రజని ఇంకా శరీరంలో మిగిలే ఉంటుంది. విమానం లోపలి పీడనం నేలమీది పీడనంలో సుమారు నాలుగింట మూడు వంతులే. వెంటనే విమానం ఎక్కితే గోళీ మళ్ళీ నొక్కినట్టే! కనుక చాలాసార్లు మునిగినవారు కనీసం 18 గంటలు ఆగాలి. 24 గంటలు ఆగితే మరీ మంచిది.

మీ విమానం శనివారం ఉదయం 11 గంటలకు అనుకుందాం. 24 గంటలు వెనక్కి లెక్కిస్తే శుక్రవారం 11 గంటలు. ఆ రోజు దీవి నుంచి పట్టణానికి పడవలో రావాలి కనుక ఆఖరి మునక గురువారమే. శిక్షణకు, మునకలకు కలిపి మంగళ, బుధ, గురువారాలు కావాలి. ఎక్కువ లోతుకు ముందు రోజుల్లో, తక్కువ లోతుకు చివర్లో వెళ్ళాలి. సోమవారం దీవికి చేరాలంటే ఆదివారం విమానం ఎక్కాలి. ఏడు రోజుల యాత్ర ఇలా చివరి నుంచి మొదటికి తయారవుతుంది. ఓడలో తిరిగి వచ్చేవారికి ఈ నిరీక్షణ అక్కరలేదు. ఓడ సముద్రమట్టంలోనే ఉంటుంది గదా!

సామాను సర్దే ముందు వైద్యుని చూడండి. జలుబుతో ముక్కులు బిగుసుకుంటే చెవి లోపలికి గాలి చేరక కర్ణభేరి దెబ్బతింటుంది. ఉబ్బసం ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా దిగకూడదు. మొదటిసారి నేర్చుకొనేవారికి 18 మీటర్లే హద్దు. మీలో చిన్నవారికి 12 మీటర్లే. శిక్షకుని మాట మీరకండి. పగడాలను తాకకండి. అవి రాళ్ళు కావు, ప్రాణులు. వాటిని తీసుకురావడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

చివరగా ఒక ప్రశ్న. విశాఖపట్నం దగ్గర ఋషికొండ సముద్రంలో ఒకడు ఉదయమంతా లోతున ఈదాడు. సాయంత్రమే కారులో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయకు బయలుదేరాడు. విమానం ఎక్కలేదు కనుక భయం లేదంటున్నాడు. అతనికి మీరేమని చెబుతారు?