మీకు తెలుసా? గాలానికి ఇంటి ఎరా, కొన్న ఎరా?

వాలుగ, జెల్ల లాంటి మీసాల చేపలు ఎరను నోట పెట్టకముందే రుచి చూస్తాయి. వాటికి మీసాల మీదే కాదు, ఒంటి మీదా రుచిమొగ్గలుంటాయి. నీళ్లలో కరిగే అమైనో ఆమ్లాలు వాటిని రప్పిస్తాయి. వానపాము చేసే పని అదే, కొట్లో కొన్న పొట్లం చేసేదీ అదే.

మరి కొన్నదాని గొప్పేమిటి? నిల్వ ఉంటుంది, అంతే! విదేశాల్లో కార్పు చేపలకు వేసే 'బాయిలీ' ఉండల్ని పిండి, గుడ్లు కలిపి ఉడకబెడతారు. పైపొర గట్టిపడటంతో చిల్లర చేపలు కొరుక్కుపోలేవు. 1970ల నాటి ఇంగ్లండులో ఇవీ గాలం వేసేవాళ్ల వంటిళ్లలో తయారైనవే.

గోదావరిలో శీలావతికైతే తవుడు, వేరుశనగ చెక్క ముద్ద చాలు. పారే నీళ్లలో త్వరగా విడిపోకుండా కాస్త గోధుమపిండి కలిపి గట్టిగా పిసకండి.