వెబ్ పుటలలో సి.ఎస్.ఎస్. రీసెట్ - తెలుగు పాఠ ప్రదర్శన

రూపకర్త ఏ శైలినీ నిర్దేశించకపోయినా వెబ్ పుటలో శీర్షికలు పెద్ద అక్షరాలతో, జాబితాలు చుక్కలతో కనిపిస్తాయి. ప్రతి బ్రౌజర్‌లోనూ ముందే పొందుపరచిన స్టైల్‌షీట్ ఇందుకు కారణం. ఈ స్టైల్‌షీట్లు అన్నీ ఒకే విధంగా ఉండవు. అందువల్ల ఒకే పుట వేర్వేరు బ్రౌజర్లలో కొద్దిపాటి తేడాలతో కనబడుతుంది. ఆ తేడాలను ముందుగానే తొలగించే నియమావళిని సి.ఎస్.ఎస్. రీసెట్ అంటారు.

ఎరిక్ మేయర్ 2007లో రూపొందించిన రీసెట్ వీటిలో సుప్రసిద్ధమైనది. దాని 2.0 రూపం 2011 జనవరిలో వెలువడింది. ఇది మార్జిన్, ప్యాడింగ్‌లను సున్నా చేస్తుంది. అక్షర పరిమాణాలను సమానం చేస్తుంది. జాబితాల చుక్కలను తీసివేస్తుంది. సాధారణంగా రూపకర్త రాసిన నియమాలకు బ్రౌజర్ నియమాలకంటే ప్రాధాన్యం ఉంటుంది కనుకనే ఇది సాధ్యమవుతుంది. సమాన ప్రాధాన్యం గల నియమాలలో చివరిది నెగ్గుతుంది. కాబట్టి రీసెట్‌ను మిగిలిన నియమాలకంటే ముందు ఉంచాలి.

అయితే బ్రౌజర్ ఇచ్చే శైలి కేవలం అలంకారం కాదు. కొన్నిచోట్ల అది అర్థాన్ని మోస్తుంది. పరిశోధన వ్యాసంలో 1956 అనే సంవత్సరం పక్కన పైకి ఉండవలసిన 3వ పాదసూచిక సంఖ్య, మేయర్ రీసెట్ వల్ల మామూలు పరిమాణంలో అదే వరుసలోకి దిగి, 19563గా కనబడుతుంది. ఉదాహరించిన పద్యానికి ఉన్న ఎడం పోయి, అది వ్యాసకర్త వాక్యాలలో కలిసిపోతుంది.

తెలుగు లిపికి మరొక ఇబ్బంది ఉంది. ఈ రీసెట్ వరుసల ఎత్తును అక్షర పరిమాణానికి సమానంగా, అంటే 1గా నిర్ణయిస్తుంది. ‘రాష్ట్రీయ’ వంటి పదంలో గుడి పైకి, వత్తులు కిందికి విస్తరిస్తాయి. ఎత్తు చాలనప్పుడు పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులను తాకుతాయి.

నికోలస్ గలాగర్, జోనథన్ నీల్‌ల నార్మలైజ్ మరొక మార్గాన్ని అనుసరిస్తుంది. ఉపయోగకరమైన శైలులను నిలిపి, తేడాలను మాత్రమే సవరిస్తుంది. పాదసూచిక సంఖ్యను పైననే ఉంచుతుంది. కానీ అందులోనూ వరుసల ఎత్తు 1.15 మాత్రమే, తెలుగుకు అదీ ఇరుకే.

కనుక ఏ నియమావళిని ఎంచుకున్నా పాదసూచికలకు, ఉదాహరణలకు, వరుసల ఎత్తుకు ప్రత్యేక నియమాలను దాని తరువాత చేర్చాలి. పుట భాష తెలుగు అని లాంగ్ గుణంలో ప్రకటిస్తే, తెలుగు పాఠానికి మాత్రమే వర్తించే ఎత్తును నిర్దేశించవచ్చు. ఆ ఎత్తును వాడుతున్న ఫాంటుతో, వత్తులు అధికంగా ఉన్న వాక్యాలపై పరీక్షించి నిర్ణయించాలి. తన రీసెట్‌ను యథాతథంగా వాడక, అవసరానుసారం మార్చుకోవాలని మేయర్ కూడా సూచించారు. అన్ని బ్రౌజర్లలో ఒకేలా కనబడటంతోపాటు, అన్నింటిలోనూ సరిగా చదవగలగడం ఏకరూపతకు ప్రమాణం కావాలి.