శానిటైజర్‌కు లొంగని పేగు జబ్బు

కోవిడ్ వైరస్ వల్ల వచ్చే జబ్బు. దానిపై యాంటీబయాటిక్స్ పనిచేయవు. అయినా, ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగుల్లో 8 శాతం మందికే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉంటే, దాదాపు 75 శాతం మందికి ఆ మందులు ఇచ్చారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది.

ఈ మందులు పేగుల్లో మేలు చేసే బ్యాక్టీరియానూ చంపేస్తాయి. అప్పుడు క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పెరిగి తీవ్ర విరేచనాలు తెస్తుంది. మలంతో బయటపడే దాని స్పోర్లు మంచాలపై, మరుగుదొడ్లలో నెలల తరబడి బతుకుతాయి. ఆల్కహాల్ శానిటైజర్‌కు చావవు. చేతులు సబ్బుతో రుద్ది కడగాలి, వార్డును బ్లీచ్‌తో శుభ్రం చేయాలి.

మన ఆసుపత్రుల్లో ఆ పని చేసేది ఎక్కువగా దళిత కాంట్రాక్టు కార్మికులు. శానిటైజర్ సీసా ఇచ్చి యాజమాన్యం చేతులు దులుపుకుంటే కుదరదు. గ్లౌజులు, సబ్బు, నీళ్లు ఇవ్వాలి. వార్డులో ఏ జబ్బుందో వాళ్లకు ముందే చెప్పాలి.